రానివాళ్ళ లెక్క

మా ఆఫీసులో వానాకాలమంటే కొత్త పిల్లల కాలం. వరండా అంతా గొడుగులు నీళ్ళు కారుస్తుంటాయి. గుర్తింపు కార్డులు అచ్చేసే మిషను తేమకి మొరాయిస్తుంది. డిగ్రీలు అయిపోయి పైచదువుకి వచ్చిన పిల్లలు చిన్నబడి పిల్లల్లా నా బల్ల చుట్టూ మూగి, "బాబాయ్, నా పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదు", "బాబాయ్, లైబ్రరీ ఎటు?" అని ప్రాణం తోడేస్తారు. నేను పాఠం చెప్పేవాణ్ణి కాదు, ఆఫీసు చూసేవాణ్ణి. నాటకంలో వేషం కట్టేవాళ్ళు వేరు, తెర లాగేవాళ్ళు వేరు. నేను తెర లాగే రకం.

కోర్సు పేరు బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్. నోరు తిరగనివాళ్ళకి రోగాల లెక్కల చదువని చెప్తాను. ఆసుపత్రిలో పడ్డ ప్రతి మనిషి వెనకాల ఇంత అంకెల కుప్ప మిగులుతుంది కదా, జ్వరం ఎంత, రక్తం ఎంత, ఏ మందు ఎప్పుడు, ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు పోయాడు అని. ఆ కుప్పలన్నీ కంప్యూటర్లో పోసి తూర్పారబట్టి, ఏం చేస్తే మనిషి నిలబడతాడో తేల్చే విద్య అది.

మా అన్నయ్యకి ఇదంతా చెప్తే, "రోగం కుదర్చడం నేర్పుతారా, లెక్కపెట్టడం నేర్పుతారా?" అన్నాడు.

"లెక్కపెట్టడమే."

"అయితే కరణం చదువన్నమాట. కానీరా, కరణాలెప్పుడూ చెడిపోలేదు."

కోర్సుని నడిపించే మేడమ్ ఒకావిడ ఉంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తుంది. ఆవిడకి రెండు అలవాట్లున్నాయి.

మొదటిది, కొత్త పిల్లలు రాగానే, ఇంకా కంప్యూటర్ ముట్టుకోకముందే, ఒక రోగి మంచం చుట్టూ కూర్చోబెడుతుంది. మనిషిని చూడకుండా మనిషి అంకెలు ముట్టుకోకూడదని ఆవిడ పట్టు. ఆ రోగిని వెతికి ఒప్పించడం నా పని. పెళ్ళి సంబంధం కుదర్చడం నయం దీనికన్నా. ఆయాసంతో పడుకున్నవాడి చుట్టూ పదిమంది చేరి "మీకెలా ఉందండీ" అంటే ఎవడికి ఒళ్ళు మండదు?

రెండోది గొయ్యి. ఆ పేరు నేను పెట్టిందే. పాత రోగుల వివరాలు, పేర్లు తీసేసి, పిల్లలకిస్తుంది. అందరూ గుండెలో వాల్వు చెడిపోయినవాళ్ళే. కొందరు ఆపరేషన్ చేయించుకున్నారు, కొందరు వద్దనుకుని మాత్రలు పుచ్చుకుని ఇంటికెళ్ళారు. ఎవరికి మేలు జరిగిందో తేల్చండి అంటుంది. మనిషికి మేలు జరిగిందని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? పిల్లలు బుర్రలు గోక్కుని ఏటా అదే ఉపాయం కనిపెడతారు. ఏడాదిలోపల మళ్ళీ ఆసుపత్రికి వచ్చాడా, మేలు జరగనట్టు. రాలేదా, జరిగినట్టు. అలా చూస్తే ఆపరేషన్ అయినవాళ్ళు కుట్లకనీ, చీముకనీ, పరీక్షలకనీ తిరుగుతూనే ఉంటారు. ఇంటికెళ్ళినవాళ్ళేమో నూటికి ఎనభైమంది మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు. ఇంకేం, ఇంటికెళ్ళడమే మంచిదని తేలిపోతుంది. పిల్లలు రంగురంగుల గీతలు గీసి, గెలిచినట్టు మొహాలు పెట్టి చూపిస్తారు. మేడమ్ అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్క మాట అడుగుతుంది.

"ఆ రానివాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?"

ఇంటిదగ్గర ప్రాణం పోయినవాడు ఆసుపత్రికి ఎలా వస్తాడు? పోయినవాళ్ళందర్నీ మోసుకొచ్చి బాగుపడ్డవాళ్ళ కుప్పలో పోశారు పిల్లలు.

"చెప్తే తలకెక్కదు, పడితేనే ఎక్కుతుంది" అంటుంది మేడమ్. ముందు బ్యాచ్‌ల వాళ్ళూ కొత్తవాళ్ళకి చెప్పరు. తను పడ్డ గోతిలో ఇంకొకడు పడితే గానీ మనిషికి తృప్తుండదు మరి. నేనూ చెప్పను. ప్రొజెక్టర్ పక్కన నిలబడి, ఆ మొహాలు ఒక్కొక్కటే వాడిపోవడం చూస్తుండేవాణ్ణి. అబద్ధమెందుకు, నాకు సరదాగానే ఉండేది.

ఆ ఏడు మా అన్నయ్య అదే ఆసుపత్రిలో గుండెవార్డులో ఉన్నాడు. వాల్వు చెడిపోయి.

అన్నయ్య తాపీమేస్త్రీ. మేముండే ఇల్లు తను కట్టిందే. కింద అన్నయ్యా వదినా, మేడమీద గదిలో నేను. వాళ్ళకి పిల్లల్లేరు, నాకు పెళ్ళి కాలేదు. "ముసలి కొడుకుని పెంచుతున్నాం" అని వదిన వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించేది. మూడు కంచాలూ ఒకచోటే పెట్టుకుని తినడం ఎప్పట్నించో అలవాటు. ఎండలు పోయి వానలు మొదలయ్యేసరికి అన్నయ్యకి కాళ్ళు పొంగాయి, నాలుగు మాటలాడితే ఆయాసం. డాక్టరు చూసి వాల్వు మార్చాలన్నాడు. ఆలస్యం చేస్తే ఆపరేషన్‌కి కూడా పనికిరాకుండా పోతారన్నాడు. అన్నయ్య ఆలోచించుకుని చెప్తానన్నాడు. అంటే చేయించుకోనని.

"ఒరేయ్, గోడ పగలగొట్టి మళ్ళీ కట్టినవాణ్ణి నేను. ఎంత పనిమంతుడు కట్టినా ఆ అతుకు దగ్గరే చెమ్మ పడుతుంది."

"నువ్వు గోడవి కావు, అన్నయ్యా."

"గోడ అయితే నయం. నొప్పుండదు."

ఆ వారమే నాకు రోగి దొరక్క తల పట్టుకున్నాను. ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మొహం తిప్పుకున్నారు. ఆ గోడు వెళ్ళబోసుకుంటే అన్నయ్య దిండుకి ఆనుకుని, "నన్ను చూపించరా. ఊరికే పడుకున్నానుగా. కాస్త కాలక్షేపమవుతుంది" అన్నాడు.

"ఈయనకి జనం ఉంటే చాలు, జబ్బు కూడా గుర్తుండదు" అంది వదిన. వద్దనలేదు.

పిల్లలొచ్చినరోజు వార్డులో కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారు. తడిసిన బట్టల వాసనా, ఫినాయిల్ వాసనా కలిసిపోయాయి. మేడమ్ వాళ్ళని పరిచయం చేసి వెనక్కి జరిగింది. తీసుకొచ్చేముందు నేను నా వంతు పాఠం అప్పజెప్పాను. ఫోన్లు తియ్యకూడదు, ఫొటోలు కూడదు, మీ కంప్యూటర్ ఏం తేల్చినా అది రోగికి చెప్పకూడదు. ఏటా చెప్పేదే. అద్దె బండిలో డ్రైవరు చెప్పే జాగ్రత్తల్లా ఎవరూ వినరు.

ఒక డాక్టరబ్బాయి, వైద్యం చదివి ఇటొచ్చినవాడు, పుస్తకంలోదిలా అడిగాడు. "ఎన్ని మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందండీ?"

"ఎవరు కట్టిన మెట్లు? నేను కట్టినవైతే మేడమీదికి వెళ్ళినా రాదు. పక్కవీధి మేస్త్రీ కట్టినవైతే చూస్తేనే వస్తుంది."

అందరూ నవ్వారు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. ఆ నవ్వు ఆగాక, మంచం కాళ్ళవైపు నిలబడ్డ అమ్మాయి మెల్లిగా అడిగింది. "మీకు భయంగా ఉందాండీ?" ఆ అమ్మాయి లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్ల. నేను లెక్కలమ్మాయి అనేవాణ్ణి.

అన్నయ్య దానికీ ఏదో హాస్యం ఆడతాడనుకున్నాను. నోరు తెరిచాడు కూడా. తెరిచి, "ఉందమ్మా" అన్నాడు.

వదిన చేతిలో ఉన్న తువ్వాలు మడతపెడుతోంది. ఆగిపోయింది. తనతో ఎప్పుడూ అనని మాట అది. నాతో కూడా అనలేదు.

"మీ లెక్కల్లో నాలాంటివాళ్ళు ఏమయ్యారో ఉంటుందామ్మా?"

"ఉంటుందండీ. చాలామంది వివరాలుంటాయి."

నేను దగ్గాను. మేడమ్ నావైపు చూసి, "సరే, ఇవాళ్టికి చాలు" అంది.

ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చిపోతుండేది. క్లాసు అయిపోగానే గొడుగు తీసుకుని అటు నడిచేది. నన్ను బాబాయ్ అంటుంది కాబట్టి అన్నయ్యని పెదనాన్న చేసేసింది. పేపరు చదివి వినిపించేది. సున్నం ఎలా నానబెట్టాలో, రాయి ఎలా పట్టుకోవాలో అన్నయ్య దానికి నేర్పేవాడు. వదినకి ఆ పిల్లంటే ఇష్టం కలిగింది. "ఈ వయసులో మనకో కూతురు పుట్టిందండీ" అని మురిసిపోయింది. నాకూ బాగానే ఉంది. మనిషిని చూపించడమంటే ఇదే కదా, మేడమ్ కోరుకున్నదీ ఇదేగా అనుకున్నాను.

ఒక సాయంత్రం ఆఫీసు మూసి వార్డుకి వెళ్ళేసరికి అన్నయ్య మంచంమీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. పక్కమంచం ముసలాయనకి కూడా ఏదో చెప్తున్నాడు. నన్ను చూడగానే చెయ్యెత్తాడు.

"ఒరేయ్, నూటికి ఎనభై!"

"ఏంటి ఎనభై?"

"నాలాంటివాళ్ళు. నా వయసు, నా వాల్వు, నా కాళ్ళవాపు, అన్నీ వేసి చూసిందట మన అమ్మాయి. మాత్రలు తీసుకుని ఇంటికెళ్ళినవాళ్ళు నూటికి ఎనభైమంది మళ్ళీ ఆసుపత్రి మొహం చూడలేదట! కోయించుకున్నవాళ్ళే అస్తమానం వచ్చిపడుతున్నారట. నేను చెప్పలా, అతుకు దగ్గరే చెమ్మ అని!"

నా చేతిలో గొడుగు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

వదిన గ్లాసు కడుక్కుని వచ్చింది. వానలు మొదలయ్యాక ఆవిడ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. "డాక్టరుగారికి కూడా చెప్పేశారు, ఎల్లుండి పొద్దున వెళ్ళిపోతామని. ఆయన ఏదో అన్నాడులే, నాకు సగం అర్థం కాలేదు. అబ్బాయ్, కింద గదిలో మంచం కిటికీ పక్కకి జరపాలి. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."

"అలాగే వదినా."

"ఏంటి అలా ఉన్నావ్? మీ చదువేగా చెప్పింది!" అన్నాడు అన్నయ్య.

"మంచిదే" అన్నాను. నోరు అంది, నేను కాదు.

మర్నాడు పిల్లలు ఇంకా రాకముందే మేడమ్ గదికి వెళ్ళాను. సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"చెప్పకూడదని మొదటిరోజే చెప్తాం కదా?"

"ఏటా చెప్పేది నేనే మేడమ్. ఆ పిల్ల చెడ్డకి చెప్పలేదు. పెద్దాయన భయపడుతున్నాడని చెప్పింది."

"నా క్లాసు వచ్చేవారం. అప్పటిదాకా ఆ లెక్క తప్పని వాళ్ళకి తెలీదు." ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా..."

"గొయ్యి తవ్వినప్పుడు పిల్లలే పడతారనుకున్నాం మేడమ్."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అసలు సంగతి చెప్తాను, మీకు తెలియాలి" అంది. "ఆ ఇంటికెళ్ళినవాళ్ళ గురించి మేం తర్వాత వాకబు చేయించాం. ఏడాది తిరిగేసరికి సగంమంది కూడా లేరు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో నూటికి డెబ్బైమంది ఉన్నారు. డెబ్బై ఉన్నారంటే ముప్పై లేరని. ఆ ముప్పై సంగతి కూడా దాచకండి. నేనొచ్చి చెప్పనా?"

"మీరొస్తే డాక్టరు మాటవుతుంది. డాక్టరు మాట ఇప్పటికే విన్నాడు. నేను చెప్తేనే ఇంటిమాట."

అన్నానే గానీ, ఆరోజంతా వార్డు వైపు కాలు పడలేదు. కార్డులు అచ్చువేశాను, రేపు రావాల్సినవాళ్ళవి కూడా. అన్నయ్య అన్నం తింటున్నాడు, నవ్వుతున్నాడు. వదిన మంచం జరపాలంటోంది. ఈ రెంటినీ ఎందుకు చెడగొట్టాలి? పోతే పోతాడు, సంతోషంగా పోతాడు అని ఒక మనసు. ఎవడబ్బ సొమ్మని నీ అన్న తరఫున నువ్వు తేలుస్తున్నావురా అని ఇంకో మనసు. నిజం తెలిసి నోరు మూసుకుంటే ఆ ఎనభైలోకి అన్నయ్యని నేనే తోసినట్టు. అక్కడికొచ్చి ఆగిపోయాను.

వెళ్ళిపోయే పొద్దున ముసురు. వెళ్ళేసరికి అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని మంచం అంచున కూర్చున్నాడు. సంచి సర్దేసి ఉంది. వదిన ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి మూత బిగిస్తోంది.

"బండి చెప్పావా?" అన్నాడు.

"చెప్పలేదు."

"వానకి దొరకలేదా?"

"అన్నయ్యా, ఆ పిల్ల చెప్పిన లెక్కలో తప్పుంది."

"ఎంత తప్పు? ఎనభై కాదా, డెబ్బయ్యా?"

"అలాంటి తప్పు కాదు."

చెప్పాను. ఎంతోసేపు పట్టలేదు. ఆసుపత్రికి మళ్ళీ రానివాళ్ళందర్నీ బాగుపడ్డవాళ్ళ కింద వేసుకున్నారు, రాకపోవడానికి ఇంకో కారణం ఉంటుందని పిల్లలకి తట్టలేదు, ఏటా తట్టదు అన్నాను. తర్వాత వాకబు చేస్తే తేలింది చెప్పాను. ఆపరేషన్ సంగతి, డెబ్బై సంగతి, ముప్పై సంగతి చెప్పాను. నేను చెప్తున్నంతసేపూ అన్నయ్య నా మొహమే చూశాడు. పనిలో కొత్తవాడు కట్టిన గోడకి తూకంగుండు వేలాడేసి చూసేటప్పుడు అలాగే చూస్తాడు.

"అంటే ఆ రానివాళ్ళంతా..."

"అందరూ కాదు. చాలామంది."

"ఇంటిదగ్గరే?"

"ఊఁ."

"వాళ్ళ మంచాలమీద. వాళ్ళ మనుషుల మధ్య." సంచిమీద చెయ్యి వేసి, "అది అంత చెడ్డ లెక్కేం కాదురా" అన్నాడు.

పైనుంచి గొట్టంలోకి వాననీళ్ళు గుడగుడమని దిగుతున్నాయి. పక్కమంచం ముసలాయన అటు తిరిగి పడుకున్నట్టు నటిస్తున్నాడు. అన్నయ్య నావైపు కాదు, వదినవైపు చూశాడు. ఆవిడ ఫ్లాస్కు మూత ఇంకా తిప్పుతూనే ఉంది, ఎప్పుడో బిగిసిపోయినదాన్ని. ఆయన చూస్తున్నాడని తెలిసి కూడా తలెత్తలేదు. అడగదలుచుకున్నది అడగలేక, వద్దనదలుచుకున్నది అనలేక, నేలమీది గచ్చు చూస్తూ నిలబడింది.

చివరికి అంది. "సంచి విప్పమంటారా?"

అన్నయ్య చొక్కా పైబొత్తం తీశాడు. తర్వాత రెండోది.

"విప్పు" అన్నాడు.

నేను డాక్టరుకి కబురు చెప్పడానికి లేచాను. గుమ్మం దగ్గరికి వెళ్ళాక వెనకనుంచి పిలిచాడు. "ఒరేయ్, ఆ అమ్మాయికి చెప్పకు నేను ఇంటికి బయల్దేరానని. చిన్నపిల్ల, బెంగపెట్టుకుంటుంది."

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నిజంగానే బాగా జరిగింది. కొత్త వాల్వు గడియారంలా కొట్టుకుంటోందని డాక్టరు స్వయంగా వచ్చి వదినకి చెప్పాడు. ఆవిడ ఆయన చేతులు పట్టుకుంది. ఆ తర్వాత కిడ్నీలు మొండికేశాయి. ఆపైన ఊపిరితిత్తుల్లో చీము చేరింది. వానాకాలం పైకప్పు లాంటిదైపోయింది వ్యవహారం, ఒకచోట పూస్తే ఇంకోచోట కారడం. ఐసీయూలో అద్దం అవతల అన్నయ్య. నోట్లో గొట్టం. జీవితమంతా వాగుతూ బతికినవాడికి మాట లేకుండా చేశారు. అద్దానికి ఇవతల ఇనపబెంచీమీద వదిన. పొద్దునోసారి, సాయంత్రమోసారి లోపలికి వదిలేవాళ్ళు, మొహానికి గుడ్డ కట్టించి. "నన్ను గుర్తుపట్టాడంటావా, ఈ గుడ్డలో?" అని బయటికొచ్చి అడిగేది. "కళ్ళు చాలవా వదినా" అనేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మేడమ్ క్లాసు వచ్చింది. ఆవిడ సెలవు పెట్టమంది. నేనే పెట్టలేదు. ప్రొజెక్టర్ పెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు? పిల్లలు గీతలు చూపించారు. లెక్కలమ్మాయి వంతు వచ్చింది, చక్కగా చెప్పింది, ఎనభై దగ్గర ఆగి నావైపు చూసి నవ్వింది కూడా. మేడమ్ ఆ ఏడు కళ్ళజోడు తుడుచుకోలేదు. బల్లమీద చేతులు పెట్టుకుని, అడగాల్సింది అడిగింది.

మిగతావాళ్ళకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ పిల్లకి వెంటనే అయింది. క్లాసు ఇంకా నడుస్తుండగానే కుర్చీ తోసుకుని వెనక్కి, నా దగ్గరికి వచ్చేసింది.

"బాబాయ్, పెదనాన్నకి నేను అదే చెప్పాను. ఇంటికెళ్ళిపోయారా? వార్డులో లేరు, ఇంటికెళ్ళారనుకున్నాను, బాబాయ్..."

"లేదమ్మా. వెళ్ళలేదు. నేను సరిచేసి చెప్పాను. ఆపరేషన్ చేయించుకున్నాడు."

ఆ అమ్మాయి గోడకి ఆనుకుంది. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. "మీరు కాపాడారు. మీరు లేకపోతే నేను చంపేసి ఉండేదాన్ని. ఇప్పుడెలా ఉన్నారు?"

"చూస్తున్నారు" అన్నాను. "డాక్టర్లు చూస్తున్నారమ్మా."

ఎవరో లైటు వేశారు. నేను వైర్లు చుట్టడంలో పడ్డాను.

అన్నయ్య పోయింది ఆ వారంలోనే, అద్దం అవతలే. గొట్టం తీసేశాకే వదినని గుడ్డ లేకుండా లోపలికి వెళ్ళనిచ్చారు.

ఇంటికి జనం వచ్చారు, పోయారు. ఆ అమ్మాయి కూడా వచ్చింది. వదిన దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, అది ఏడుస్తుంటే, వీపు నిమిరింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. వేళకి కంచం పెట్టేది, నేను కూర్చునేసరికి ఆవిడ పెరట్లో ఉండేది. రెండు కంచాలు కూడా ఒకచోటికి చేరలేదు ఆ ఇంట్లో.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక మధ్యాహ్నం, సెలవురోజు, తీగమీది బట్టలు తెచ్చి మంచంమీద పోసి మడతపెడుతోంది. కిటికీ పక్కకి జరపాల్సిన మంచమే. జరపనేలేదు. నేను మెట్లవైపు పోతుంటే అంది.

"డెబ్బై అన్నావుగా ఆవేళ."

ఆగాను. "అవును వదినా."

"అందులోనూ తప్పుందా?"

"లేదు. అది సరైన లెక్కే."

"సరైనదైతే మరి ఈయనేడీ?"

"ముప్పైలో పడ్డాడు వదినా."

ఆవిడ దిండుగలీబు ఒకటి దులిపింది. కోపం లేదు గొంతులో, అదే నాకు భరించరానిదిగా ఉంది. "ఎనభై, డెబ్బై, ముప్పై. మీకందరికీ వందమంది ఉన్నారు, అబ్బాయ్. నాకు ఒక్కడే ఉండేవాడు."

ఆ గలీబు మడతపెట్టి, ఇంకోటి తీసింది.

"ఇంటికొచ్చుంటే ఎన్నాళ్ళు ఉండేవాడు?"

"చెప్పలేం. కొన్నాళ్ళు. నెలలో, ఇంకా ఎక్కువో."

"ఆ కొన్నాళ్ళూ నావే కదా" అంది. అని మళ్ళీ మడతల్లో పడింది.

ఆ మాటకి జవాబు మేడమ్ దగ్గర ఉండదు, కంప్యూటర్లో ఉండదు. అన్నయ్య దగ్గర ఉందేమో. చొక్కా బొత్తాలు తీసింది ఆయన కోసమా, ఈవిడ కోసమా అన్నది ఈవిడకి తెలుసు. నాకు తెలుసు.

తర్వాత ఒక పొద్దున మేడమీద తలుపు కొట్టింది. చేతిలో చిన్న గ్యాస్ పొయ్యి, చంకలో ఒక గిన్నె, గిన్నెలో కాసిని బియ్యం. తను మోసుకుంటూ ఎక్కింది, నన్ను పిలవకుండా. ఒగరుస్తోంది. పొయ్యిని కిటికీ పక్క గట్టుమీద పెట్టింది.

"నీ తప్పని కాదు. తప్పు కాదని నాకు తెలుసు. కానీ నీకు అన్నం పెడుతుంటే ఆ పొద్దున్నే కనబడుతోంది. నువ్వు గుమ్మంలో తడిసి నిలబడటం. నా వల్ల కావట్లేదు."

"సరే వదినా."

"నీకు వంట రాదు. అన్నం వరకైనా నేర్చుకో. కూర కింద నుంచి పంపిస్తాలే, కొన్నాళ్ళు." బియ్యం కడిగించింది నాచేత. నీళ్ళు పోయమంది, నా వేలు ముంచి చూసుకోమంది. "బియ్యం పైన ఒక గణుపు నీళ్ళు నిలవాలి. అంతే, ఎప్పుడు వండినా అంతే. కొలతలూ లెక్కలూ పెట్టుకోకు."

మంట తగ్గించి, మూతపెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది. గుమ్మం దాటుతూ, "ఉడికేదాకా మూత తియ్యకు" అంది.

మెట్లు దిగిన చప్పుడైంది. కాసేపటికి కింద ఆవిడ పొయ్యి వెలిగించుకున్న చప్పుడు వినిపించింది. నేను మూత తియ్యకుండా కూర్చున్నాను.